అణువైద్య విద్య – మన సంఘములు

మా వాడపల్లి సంఘములో ఒక సహోదరికి కంఠములోని థైరాయిడ్ గ్రంథికి కేన్సరు వచ్చి శస్త్రచికిత్స జరిగినది. మిగిలియున్న రోగకణములను నశింపజేయుటకు రేడియోధార్మిక అయోడిన్ తీసుకొనవలెనని వైద్యులు చెప్పిరి. ఒక శనివారము, స్వామి దర్శనమునకు వచ్చిన జనముతో గౌతమి గట్టు దారియంతయు నిండియున్న వేళ, ఆమె భర్త మా యింటికి వచ్చి, “అయ్యగారండీ, అది బాంబులో వేసేదంటండి. తాగొచ్చంటారా?” అని అడిగెను. వేదాంత కళాశాలలో గ్రీకు, హెబ్రీ భాషలు కొంత నేర్చుకొంటిని గాని, ఈ ప్రశ్నకు నా యొద్ద జవాబు లేదు. డాక్టర్లు చెప్పినట్లు చేయండి, ప్రార్థన చేద్దామని చెప్పి పంపివేసితిని. చాల దినములు ఆ జవాబు నన్ను బాధించినది. ఈ వ్యాసము అప్పుడు మొదలుపెట్టిన చదువు ఫలమే.

ఆయన మాట పూర్తిగా తప్పు కాదు. హిరోషిమాపై బాంబు పడినది 1945 ఆగస్టులో. ఆ బాంబు కొరకు అమెరికాలో ఓక్‌రిడ్జ్ అను చోట కట్టిన కేంద్రమునుండియే 1946 ఆగస్టులో రేడియోధార్మిక పదార్థము మొదటిసారిగా ఒక కేన్సరు ఆసుపత్రికి పంపబడినది. మధ్య గడచినది ఒక్క సంవత్సరము.

అయితే ఈ విద్య బాంబుకంటె పాతది. 1911 ప్రాంతమున హంగేరీ దేశపు యువకుడు జార్జి హెవెసీ మాంచెస్టరులో రూథర్‌ఫర్డ్ నొద్ద పనిచేయుచు ఒక పూటకూళ్ల యింట బసచేసెను. యజమానురాలు మిగిలిన కూరనే మరల వడ్డించుచున్నదని అతని అనుమానము. తన పళ్లెములో విడిచిన ఆహారమున రవ్వంత రేడియోధార్మిక పదార్థము కలిపి, తరువాతి భోజనమును పరికరముతో పరీక్షించగా ఆమె గుట్టు బయటపడెనట. నవ్వు వచ్చు కథయే గాని అణువైద్యమునకు మూలసూత్రము ఇదే: ఒక పదార్థమునకు గుర్తు పెట్టి, అది ఎక్కడెక్కడికి పోవునో వెలుపలినుండి చూచుట. ఆ పద్ధతికే హెవెసీకి 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను తనంతట తానే లాగుకొనును గనుక, 1941లో బోస్టనులో సాల్ హెర్ట్జ్ అను వైద్యుడు రేడియోధార్మిక అయోడిన్‌నే మందుగా ఇచ్చెను. మా సహోదరి త్రాగిన మందు ఆ వంశములోనిదే.

మన గోదావరి ప్రాంతమునకును ఈ చరిత్రతో బంధుత్వమున్నది. భీమవరము దగ్గర గొరగనమూడిలో 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు యౌవనమున హిమాలయములకు పోయి సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యెను. యోగమును బోధించుటకు జర్మనీ వెళ్లిన ఆ సన్యాసి అక్కడ భౌతికశాస్త్రముచే ఆకర్షింపబడి, ప్రేగ్ నగరమున ఎక్స్‌రే వర్ణపటములను పరిశోధించి డాక్టరేటు పొందెను. తరువాత లివర్‌పూలులో, న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ నొద్ద బీటా కిరణములను కొలుచు విద్య నేర్చెను. 1947లో స్వదేశమునకు తిరిగివచ్చి, 1950ల మధ్యలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున అణుభౌతిక ప్రయోగశాలను నిలబెట్టెను. 1969లో ఆయన మరణించినను ఆ ప్రయోగశాల ఆయన పేరు మోయుచున్నది. (ఆయనకంటె ఒక్క సంవత్సరము ముందు, 1895లో, భీమవరములోనే యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టిరి. ఒకే ఊరి పొలిమేరలో కేన్సరు మందులవాడును, కిరణములవాడును!) వాల్తేరులో బోధించినది వైద్యము కాదు. బీటా, గామా కిరణములను పట్టి, వేరుచేసి, లెక్కించుట. కాని ఆసుపత్రిలో గామా కెమెరా చేయు పని ఆ లెక్కయే. కొలుచుట తెలియనిదే ఈ మందు ఇచ్చుటకు వీలులేదు.

వైద్యులకు శిక్షణ మన దేశములో కొంత తరువాత మొదలైనది. 1961లో ఢిల్లీలో రక్షణశాఖ వారి అణువైద్య సంస్థ, 1963లో బొంబాయి పరేలులో అణుశక్తి శాఖ వారి కేంద్రము ఏర్పడినవి. బొంబాయి విశ్వవిద్యాలయము 1973లో వైద్యులకు రేడియేషన్ మెడిసిన్ డిప్లొమా ప్రారంభించినది. ఎం.డి. పట్టము తరువాత వచ్చినది. నేడు తెలుగువారికి హైదరాబాదు నిమ్స్‌లోను, తిరుపతి స్విమ్స్‌లోను అణువైద్య విభాగములున్నవి. రెండును విశ్వవిద్యాలయ హోదా గలవే. స్విమ్స్‌ను నెలకొల్పినది తిరుమల దేవస్థానము వారని మనవారు గమనింతురు గాక.

ఈ చదువులో ఏమి నేర్పుదురు? వైద్యుని సంగతి అటుంచి సాంకేతికుని పని చెప్పెదను, ఏలయనగా మన పిల్లలకు దగ్గరగా ఉన్నది అదే. ఎక్కువగా వాడబడు టెక్నీషియం అను పదార్థము 6 గంటలకు సగమైపోవును. దానిని కొని బీరువాలో దాచలేరు. అందుచేత దాని తల్లియగు మాలిబ్డినమును సీసపు డబ్బాలో తెప్పించి, ప్రతి ఉదయము ఉప్పునీటితో కడిగి టెక్నీషియంను తీయుదురు. ఆ డబ్బాను వారు ‘ఆవు’ అనియు, తీయుటను ‘పాలు పితుకుట’ అనియు పిలుతురు! మాలిబ్డినము 66 గంటలకు సగమగును గనుక వారము తిరుగునప్పటికి ఆ ఆవు ఇంచుమించు వట్టిపోవును. పెట్ స్కానుకు వాడు ఫ్లోరిన్ మరియు చంచలము. 110 నిమిషములకే సగము. హైదరాబాదు సైక్లోట్రానులో తయారైన మందును మన రావులపాలెం రాత్రి బస్సులో పంపినయెడల, తొమ్మిది గంటల ప్రయాణములో అయిదు మార్లు సగమై, దిగునప్పటికి 32వ వంతు మిగులును. కనుక ఏ గంటకు ఎవరికి ఎంత అని లెక్క వేయగలవాడు లేనిచో, కోట్ల రూపాయల యంత్రము ఊరకే కూర్చుండును.

రెండవది జాగ్రత్త. కాలము తగ్గించు, దూరము పెంచు, సీసము అడ్డుపెట్టు: ఇవి మూడు సూత్రములు. ఛాతీమీద ధరించిన బిళ్లను మూడు నెలలకొకసారి పంపి, ఆ ఉద్యోగికి సోకిన కిరణములు ఎంతో చూతురు. సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు దాటరాదు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతియు, శిక్షణ పొందిన రక్షణాధికారియు లేక ఏ ఆసుపత్రియు ఈ పని చేయరాదు. అయోడిన్ త్రాగిన రోగి మూత్రముతో పోవు నీటిని సయితము వేరు తొట్లలో నిలుపుదురు. మన లొల్ల లాకులయొద్ద నీటిని ఆపి సమయము చూచి వదలినట్లే. ఆ అయోడిన్ 8 దినములకు సగమగును. 80 దినములు నిలిపిన వెయ్యవ వంతుకు దిగును.

ఇక సంఘము మాట. 1900లో వేలూరులో వైద్యసేవ ఆరంభించిన ఐడా స్కడ్డరమ్మగారు 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచిరి. ఒక డాక్టరమ్మ ఎంత పరుగెత్తినను చాలదు, నేర్పవలెనని ఆమె గ్రహించిరి. ఆ కళాశాలను పోషించు సంఘములలో మన తెలుగు సంఘములును ఉన్నవి. అక్కడ అణువైద్య విభాగమును, శిక్షణయు ఉన్నవి. ఏటేట మన పిల్లలు వైద్యమునకు, నర్సింగుకు సంఘము సిఫారసు ఉత్తరములు అడుగుచుందురు. నేనెరిగినంతలో అణువైద్య సాంకేతిక విద్యకు ఉత్తరము అడిగినవారు లేరు. అడుగుటకు అట్టి చదువు ఉన్నదని ఎవరు చెప్పిరి? నేనును చెప్పలేదు.

ఇందులో చిక్కు లేకపోలేదు. సంఘము పంపిన విద్యార్థి తిరిగి మన ఆసుపత్రిలో కొంతకాలము సేవచేయవలెనని నియమము. మన పల్లెటూరి మిషను ఆసుపత్రిలో గామా కెమెరా ఎక్కడిది? పంపినవారు తిరిగి ఎక్కడ పనిచేయుదురు? కమిటీలో ఈ ప్రశ్న వేయువారిని తప్పుపట్టలేను. కాని నియమమును ఆసుపత్రి గోడలకే పరిమితము చేయక, మన జిల్లా రోగులు వెళ్లు ఏ ఆసుపత్రిలోనైనను సేవగా ఎంచవచ్చునని నా అభిప్రాయము. అక్కడ తెలుగులో, మన కోనసీమ మాటలో, “భయపడకమ్మా, కొన్నాళ్లు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరముగా ఉంటే చాలు” అని చెప్పువారు ఒక్కరుండినను మా సహోదరి ఆ గదిలో ఒంటరిగా ఏడ్చియుండదు.

ఆమె తిరిగివచ్చినది. వైద్యులు చెప్పిన గడువు దాటి నెలలైనను కొందరు ఆమె చేతి నీళ్లు త్రాగలేదు. బల్లారాధన దినమున ఆమె ప్రక్కన బల్లమీద చోటు ఖాళీగా ఉండెడిది. నేను అర్ధాయువు లెక్క ఆదివారపు బడి పిల్లలకు నల్లబల్లపై వేసి చూపితిని. మరుసటి ఆదివారము ఆ పిల్లలే పోయి ఆమె ప్రక్కన కూర్చుండిరి.

లెక్క చూచిన వారిలో బి.ఎస్సీ. భౌతికశాస్త్రము చదువుచు ఆదివారపు బడిలో బోధించు మా అమ్మాయి ఒకతె, ఆరాధన ముగిసిన తరువాత నాయొద్దకు వచ్చి, “అయ్యగారండీ, ఈ చదువుకి సంఘం ఉత్తరం ఇస్తదాండీ?” అని అడిగినది. వచ్చే నెల పాస్టరేటు కమిటీ కార్యక్రమములో దానిని నాలుగవ అంశముగా వ్రాసియున్నాను.