ఇంజనీరింగ్ ప్రవేశాలలో గణిత పరీక్ష - కాకినాడ జె.ఎన్.టి.యు. పాత్ర

కాకినాడ: ఇంజనీరింగ్ కళాశాలలో చేరే విద్యార్థి గణిత పరిజ్ఞానాన్ని కొలిచే ప్రధాన సాధనం రాష్ట్రంలో ఉమ్మడి ప్రవేశ పరీక్షయే. అమెరికా విశ్వవిద్యాలయాలలో కొత్తగా చేరిన విద్యార్థి ఏ స్థాయి గణిత తరగతిలో కూర్చోవాలో నిర్ణయించేందుకు ప్లేస్‌మెంట్ పరీక్ష నిర్వహించడం పరిపాటి. ఇక్కడ ఆ మాట వినగానే విద్యార్థులకు స్ఫురించేది ప్రాంగణ ఉద్యోగ నియామకాలే.

ఎంసెట్ పేరుతో ఈ పరీక్ష 1986లో ప్రారంభమైంది. రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుండి 2021 వరకు దీని నిర్వహణ బాధ్యతను కాకినాడలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం వహించింది. 2022, 2023 సంవత్సరాలలో అనంతపురం జె.ఎన్.టి.యు. నిర్వహించగా, 2024లో బాధ్యత తిరిగి కాకినాడకు వచ్చింది. 1946లో విశాఖపట్నంలో నెలకొల్పబడి, అనంతరం కాకినాడకు తరలివచ్చిన ఇంజనీరింగ్ కళాశాలయే ఈ విశ్వవిద్యాలయానికి మూలం. ఆ కళాశాల 1972లో జె.ఎన్.టి.యు.లో భాగమై, 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయంగా రూపొందింది. 2017 నుండి పరీక్ష కంప్యూటర్‌పై జరుగుతున్నది. వైద్య విద్యా ప్రవేశాలు నీట్ పరిధిలోకి వెళ్ళినందున 2021లో పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారింది.

ఇంజనీరింగ్ విభాగంలో మూడు గంటల వ్యవధిలో 160 ప్రశ్నలకు సమాధానాలు గుర్తించవలసి ఉంటుంది. వీటిలో గణితం 80, భౌతిక శాస్త్రం 40, రసాయన శాస్త్రం 40. అనగా మొత్తంలో సగం గణితానిదే. పరీక్ష పలు విడతలుగా జరుగుతుంది కనుక ప్రశ్నపత్రాల కాఠిన్యంలోని తేడాను సవరించి మార్కులను ఖరారు చేస్తారు. మొత్తం మార్కులు సమానమైనప్పుడు ముందుగా పరిశీలించేది గణితం మార్కులనే. ర్యాంకులో ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. కొవిడ్ కారణంగా 2021లో ఇంటర్ పరీక్షలు రద్దైన తరువాత నిలిపివేసిన ఈ వెయిటేజీని 2023లో పునరుద్ధరించారు.

అర్హత మార్కుల విషయం కొంత వివరంగా పరిశీలించదగినది. అర్హతకు 25 శాతం, అనగా 160కి 40 మార్కులు రావాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగల అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు. ప్రతి ప్రశ్నకు నాలుగు ఐచ్ఛికాలు ఉంటాయి, తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. ప్రశ్న చదవకుండానే అన్నింటికీ గుర్తులు పెట్టుకుంటూ పోయినా సగటున వచ్చేది 40 మార్కులే! పైగా గణితానికి విడిగా కనీస మార్కుల నిబంధన లేదు. కావున ర్యాంకుల పట్టికలో పైభాగాన ఉన్నవారిని ఎంపిక చేయడంలో ఈ పరీక్ష సమర్థమైనదే గాని, దిగువ భాగంలో ఉన్న విద్యార్థికి కలన గణితం ఎంతవరకు వచ్చునో, త్రికోణమితిలో ఎక్కడ తడబడునో అది తెలుపజాలదు. సీటు కేటాయింపు పూర్తయిన పిదప తరగతి గదిలో అధ్యాపకునికి అవసరమైనది ఆ సమాచారమే. మొదటి సెమిస్టర్‌లో గణితం అందరికీ ఒకే పాఠ్యాంశంగా ఉంటుంది. ఈసెట్ ద్వారా చేరే డిప్లొమా విద్యార్థులు నేరుగా రెండవ సంవత్సరంలో ప్రవేశిస్తారు కనుక, వారికి ఆ మొదటి సంవత్సరపు గణితమూ ఉండదు.

స్థాయిని బట్టి గణితం బోధించే ఏర్పాటు బి.ఫార్మసీలో కనిపిస్తుంది. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నాటి నియమావళిని అనుసరించి, ఇంటర్‌లో బై.పి.సి. చదివినవారు మొదటి సెమిస్టర్‌లో రెమిడియల్ గణితం, ఎం.పి.సి. చదివినవారు రెమిడియల్ జీవశాస్త్రం అభ్యసించాలి. అయితే ఈ విభజనకు ఆధారం పరీక్ష కాదు, ఇంటర్‌లో చదివిన గ్రూపు మాత్రమే. ఇంజనీరింగ్‌లో, భిన్న నేపథ్యాల విద్యార్థులకు గణితం, భౌతిక శాస్త్రం వంటి అంశాలలో బ్రిడ్జి కోర్సులు నిర్వహించాలని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2021లో సూచించింది. అటువంటి కోర్సులో ఎవరిని చేర్చవలెనో తేల్చుటకు ర్యాంకు ఒక్కటే చాలదు. ప్రవేశాల అనంతరం మొదటి వారంలోనే గణితంలో ఒక చిన్న పరీక్ష జరిపి, అంశాలవారీగా మార్కులు పరిశీలించుకొనుట కళాశాలలకు పెద్ద వ్యయం లేని పని.