అమీర్‌పేట నుండి పంజాగుట్ట వరకు: మందును, బీజమును తూచిన విద్య

నేడు శిక్షణాలయముల ప్రకటనలతోను, మెట్రో స్తంభములతోను క్రిక్కిరిసియున్న అమీర్‌పేట, పూర్వము పైగా వంశపు అమీరుల పేరిట వెలసిన గ్రామమై, నగరము పడమటికి ప్రాకిన కొలది దానిలో లీనమైపోయినది. ఈ పేట ఆధునిక చరిత్రను సినిమా స్టూడియోలతోను, బట్టల దుకాణములతోను చెప్పుకొనువారు పెక్కురు. కాని దీని పరిసరముల వికసించిన శోధనాగారముల చరిత్ర, నా దృష్టిలో, అంతకంటె గౌరవింపదగినది. మందు నిజముగా మందేనా యని తేల్చు విద్యయు, సంతానలేమికి కారణము పురుషునియందున్నదా యని తేల్చు విద్యయు ఈ నగరమున ఇంచుమించు ఒక్క తరముననే, ఇరుగుపొరుగుగా ఎదిగినవి.

సోవియట్ సహాయముతో 1960వ దశకమున బాలానగరులో వెలసిన ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారములో రసాయన విద్య యందు ఆరితేరిన తాడేపల్లి వాస్తవ్యుడు కల్లం అంజిరెడ్డి, 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించెను. దాని ప్రధాన కార్యాలయము చిరకాలము అమీర్‌పేటనే యుండెను. 1970 నాటి పేటెంటు చట్టము ఔషధమునకు గాక దాని తయారీ విధానమునకే హక్కు నొసగుటచే, మనవారు వేరుదారిని అదే మందును చేయగలిగిరి. ఐనను, వేరుదారిని వచ్చినది అదే మందని ఋజువు చేయవలసినవాడు విశ్లేషకుడు. సిలికా రేణువులు దట్టించిన జానెడు ఉక్కుగొట్టములోనికి ద్రావణమును అధికపీడనముతో పంపగా, ఒక్కొక్క పదార్థము తన తన కాలమున వెలువడి హెచ్.పి.ఎల్.సి. అను విశ్లేషణ యంత్రపు తెరపై శిఖరమై లేచును. ప్రధాన శిఖరము ప్రక్కన గోరంత గుట్ట కనబడినను, అది ఏ మలినమో తెలియువరకు అతనికి నిద్రపట్టదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కూడి, పుట్టిన నీలివర్ణపు గాఢతను బట్టి భాస్వరమును లెక్కించు పద్ధతిని 1925లోనే ప్రకటించి యుండుటచే, ఈ విద్య తెలుగువారికి క్రొత్తది కాదు.

ఇక రెండవ విద్య కథ వేరు. మన యిండ్లలో బిడ్డలు కలుగనిచో తప్పు కోడలిదే యని తీర్మానించుట తరతరాల దురాచారము. వ్రతములు, మ్రొక్కులు, కషాయములు అన్నియు ఆమెకు. తుదకు మారుమనువు మాత్రము అతనికి! ఆ అన్యాయమును ఖండించుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు: వీర్యమును శరీరోష్ణమున అరగంట యుంచి పలుచబడనిచ్చి, గళ్ళు గీసిన గాజుపలకపై చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో గడిగడికి శుక్రకణములను లెక్కించిన చాలును. ఆ లెక్కకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో తొలి కరదీపికను వెలువరించెను. 2021 నాటి ఆరవ కూర్పు మిల్లీలీటరునకు 1.6 కోట్లను క్రింది హద్దుగా పేర్కొన్నది. ఆ కణములే లేని 340 మంది భారతీయ పురుషులను పరీక్షించి, నగరపు తూర్పు దిక్కున నున్న జీవశాస్త్ర పరిశోధనాలయమైన సి.సి.ఎం.బి. యందు తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు 2003లో ప్రకటించిన ఫలితములలో 29 మందికి వై క్రోమోజోమున కొంతభాగము లోపించినట్లు తేలెను. పుట్టుకతో వచ్చిన ఆ లోపమునకు ఎందరు భార్యలు నిందలు మోసిరో తలచిన గుండె తరుగుకొనిపోవును.

ఈ రెండు విద్యలు కలిసిన చోట్లు లేకపోలేదు. ఆబోతు వీర్యమునుండి సూక్ష్మజీవులను అణచు మాంసకృత్తును వేరుచేసి, ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్పమిత్ర భార్గవ 1979లో నేచర్ పత్రికలో ప్రకటించిరి. బీజద్రవము నందే మందు గుణమున్నదని హైదరాబాదు శోధన లోకమునకు చాటెను. అందుకు విపరీతముగా, మందే బీజమునకు కీడు చేయుటయు కలదు. పంజాగుట్టలో నిజాం ధర్మనిధి కట్టించిన ఎముకల ఆసుపత్రిగా మొదలై, 1989 చట్టముతో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి నందిన నిమ్స్ వంటి వైద్యాలయములలో కీళ్ళవాతమునకు ఇచ్చు సల్ఫాసలజీన్ శుక్రకణముల సంఖ్యను, చలనమును తగ్గించును. కావున సంతానార్థులై వచ్చిన దంపతులలో భర్తను ఏ మందులు వాడుచున్నారని తప్పక అడుగవలెను. వైద్యుని సలహాపై ఆ మందును మార్చిన రెండు మూడు మాసములకు లెక్క సాధారణముగా మరల కోలుకొనును. ఒక శుక్రకణము రూపొందుటకు సుమారు 74 దినములు పట్టుటయే ఆ వ్యవధికి కారణము.