ప్రేరణ, ఆవేశం, స్ఫూర్తి: కావ్యకర్తృత్వ దృష్టితో పదచరిత్ర

ఉపోద్ఘాతం

ఒక కావ్యానికి ప్రేరణ ఏమిటి, స్ఫూర్తి ఎవరు అన్న ప్రశ్నలు తెలుగు సాహిత్య పరిశోధనలో తరచు ఎదురవుతాయి. ప్రేరణ, స్ఫూర్తి, స్ఫురణ, ఆవేశం అన్న మాటలను ఆ సందర్భాలలో పర్యాయపదాలుగా వాడటం పరిపాటి. ఇంగ్లీషులోని 'ఇన్‌స్పిరేషన్' అన్న ఒక్క మాటకు ఇవన్నీ అనువాదాలుగా చెలామణి కావడం ఇందుకు ఒక కారణం. నిజానికి వీటి ధాతువులు వేరు, ఇవి రూపొందిన శాస్త్రసందర్భాలు వేరు. అన్నింటికంటె ముఖ్యంగా, రచనకు కర్త ఎవరన్న ప్రశ్నకు ఇవి సూచించే సమాధానాలు వేరు. ఈ భేదాన్ని విస్మరిస్తే ప్రాచీన కవులు తమ రచనను గురించి చెప్పుకొన్న మాటలకు అపార్థం కల్పించినట్లవుతుంది. ఈ పదాల చరిత్రను కర్తృత్వ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఊపిరి నుంచి ప్రవేశానికి

'ఇన్‌స్పిరేషన్' పదానికి మూలమైన లాటిన్ ధాతువుకు 'లోనికి ఊదు' అని అర్థం. ఈ భౌతికార్థంలో తెలుగు శరీరశాస్త్ర గ్రంథాలు 'ఉచ్ఛ్వాసం' అన్న మాటను స్థిరపరిచాయి. మతపరమైన అర్థం మరో దారిలో వచ్చింది. బైబిలులోని 2 తిమోతి 3:16లో లేఖనాలను 'దేవుడు ఊదినవి' అని చెప్పే గ్రీకు సమాసానికి తెలుగు అనువాదం 'దైవావేశము' అన్న పదాన్ని గ్రహించింది. 'ఆ' ఉపసర్గతో కూడిన 'విశ్' ధాతువుకు ప్రవేశించడమని అర్థం. ఈ విధంగా మూలంలోని ఊపిరి అనువాదంలో ప్రవేశంగా మారింది.

ఊపిరి ఉపమానం భారతీయ సంప్రదాయంలోనూ ఉంది. అయితే దాని దిశ వేరు. బృహదారణ్యకోపనిషత్తు (2.4.10) వేదాలను మహాభూతపు నిశ్వాసంగా వర్ణించింది. అక్కడ ఊపిరి ఒక మానవుని లోనికి ప్రవేశించదు, పరతత్త్వం నుంచి అప్రయత్నంగా వెలువడుతుంది. వేదం అపౌరుషేయమన్న సిద్ధాంతానికి అది అనుకూలం. అందువల్ల ఆ ఉపమానంలో కవికి చోటు లేదు. మానవకవి విషయంలో ఆలంకారికులు ఊపిరికి బదులు ప్రతిభను ఆశ్రయించారు. దండి సహజప్రతిభ, నిర్మలమైన పాండిత్యం, ఎడతెగని అభ్యాసం కావ్యసంపదకు కారణాలన్నాడు. సహజప్రతిభ లేకున్నా పాండిత్యంతో, ప్రయత్నంతో సేవించిన వానిని వాగ్దేవి కొంత అనుగ్రహిస్తుందని కూడా అన్నాడు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువని నిర్ణయించాడు. కావ్యహేతుచర్చలో దైవదత్తమైన శక్తి, మానవప్రయత్నం విరోధులు కావని దీనివల్ల స్పష్టమవుతుంది.

ప్రేరణ: వ్యాకరణం చెప్పే కర్తృత్వం

'ప్ర' ఉపసర్గతో కూడిన 'ఈర్' ధాతువు నుంచి ఏర్పడిన 'ప్రేరణ'కు ముందుకు నడపడమని అర్థం. వ్యాకరణశాస్త్రంలో ఈ భావనకు కచ్చితమైన నిర్వచనం ఉంది. స్వతంత్రుడైనవాడు కర్త అని చెప్పిన పాణిని, ఆ కర్తను ప్రయోజించేవానికి హేతుసంజ్ఞతోపాటు కర్తృసంజ్ఞను కూడా విధించాడు (1.4.55). అంటే ప్రేరణలో కర్తలు ఇద్దరు. చేయించేవాడు ప్రయోజకకర్త, చేసేవాడు ప్రయోజ్యకర్త. చేయించేవాడు ఉన్నంత మాత్రాన చేసేవాని స్వాతంత్ర్యం నశించదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) క్రియాపరిచ్ఛేదంలో నిరూపితమైన ప్రేరణార్థక రూపాలకు తెలుగు కవుల అవతారికలలో సాహిత్యప్రయోజనం ఉంది.

తన చేత భాగవతాన్ని పలికించేవాడు రామభద్రుడని పోతన చెప్పిన పద్యం సుప్రసిద్ధం. కవి తనను పూర్తిగా చెరిపివేసుకొన్నాడనడానికి దీనిని ఉదాహరించడం కద్దు. ఆ పద్యంలోని క్రియలను గమనిస్తే ఆ వ్యాఖ్య నిలవదు. 'పలికించు' ప్రేరణార్థకం, రాముడు ప్రయోజకకర్త. ఆ మాటకు కవి 'అట' చేర్చాడు. అది విన్న విషయాన్ని నివేదించే ప్రత్యయం. పద్యం ముగింపుకు వచ్చేసరికి క్రియ ఉత్తమపురుషలో 'పలికెద' అవుతుంది, 'అట' తొలగిపోతుంది. పలికించేవాని గురించి విన్న కవి పలకడానికి తానే నిశ్చయించుకొన్నాడు. ఇది ప్రేరణే కాని ఆవేశం కాదు.

మొల్ల విషయంలో ఈ భేదం మరింత కీలకం. శ్రీకంఠమల్లేశుని వరంవల్ల తనకు కవిత్వం చెప్పడం వచ్చిందన్న ఆమె మాటను ఆధారం చేసుకొని ఆమెను చదువు లేని వరకవయిత్రిగా చిత్రించే ధోరణి ఉంది. ఆ వాక్యంలో వరం కరణం మాత్రమే. క్రియ 'నేర్చుకొను', దానికి కర్త మొల్ల. తనకు తెలియవని ఆమె చెప్పిన సంధులు, సమాసాలు మొదలైన వాటి జాబితా కూడా శాస్త్రపరిభాష తెలిసినవారు మాత్రమే కూర్చగలిగినది. వినయోక్తిని వాస్తవకథనంగా గ్రహించి, ప్రేరణను ఆవేశంగా అర్థం చేసుకొన్నందువల్ల ఒక కవయిత్రి విద్యాకృషి సాహిత్యచరిత్రలో మరుగున పడింది.

పూనకం, పూనిక, స్ఫురణ

ఆవేశానికి దేశి పదం పూనకం. దేవత పూనినప్పుడు దేవత కర్త, మనిషి కేవలం ఆధారం. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాలలో రంగం చెప్పే స్త్రీ మాటను జనం ఆమె మాటగా కాక అమ్మవారి మాటగా స్వీకరిస్తారు. అదే 'పూను' క్రియ నుంచి ప్రయత్నార్థకమైన 'పూనిక' కూడా వచ్చింది. పూనుకొన్నప్పుడు మనిషే కర్త. పరవశత, ప్రయత్నం అన్న రెండు కొసలనూ ఒకే ధాతువులో ఇముడ్చుకోవడం తెలుగు ప్రత్యేకత.

స్ఫురణ ఈ రెండింటికీ భిన్నం. 'స్ఫుర్' ధాతువుకు అదరడం, తళుక్కుమనడం అని అర్థాలు. 'కవికి భావం స్ఫురించింది' అన్నప్పుడు భావం కర్త, కవి షష్ఠీవిభక్తిలో ఉంటాడు. ఇక్కడ ప్రయోజకుడు లేడు, ప్రవేశించిన దేవతా లేదు. వాల్మీకి రామాయణం బాలకాండలో శాపవాక్యం శ్లోకమైనప్పుడు తాను పలికినదేమిటని ఋషి తానే విస్మయపడటం స్ఫురణ. అనంతరం రామకథను రచించుమన్న బ్రహ్మ ఆదేశం ప్రేరణ. దర్భాసనంపై కూర్చుని యోగదృష్టితో కథను దర్శించి కూర్చడం పూనిక. ఒకే ఉదంతంలో మూడు దశలు వేర్వేరుగా నిలిచాయి.

ఆధునిక పరిణామం

ఆధునిక వచనంలో 'స్ఫూర్తి' వ్యాప్తి విశేషంగా పెరిగింది. 'క్రీడాస్ఫూర్తి', 'రాజ్యాంగస్ఫూర్తి' వంటి సమాసాలలో అది ఇంగ్లీషు 'స్పిరిట్'కు సమానార్థకం, 'స్ఫూర్తిప్రదాత' అన్నచోట 'ఇన్‌స్పిరేషన్'కు సమానార్థకం. లాటిన్‌లో ఒకే ధాతువు నుంచి పుట్టిన రెండు మాటలు తెలుగులో మళ్ళీ ఒకే మాటలో కలిశాయి. 'ప్రేరణ' భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణగా, మనస్తత్వశాస్త్రంలో ప్రవర్తనకు మూలకారణంగా, న్యాయపరిభాషలో నేరానికి పురికొల్పడంగా విస్తరించింది. ఈ మూడింటిలోనూ 'నడిపించడం' అన్న మూలార్థం చెక్కుచెదరలేదు. న్యాయశాస్త్రం ప్రేరేపించినవానిని శిక్షార్హుని చేసినా, నేరం చేసినవానిని ఆ కారణంగా విడిచిపెట్టదు. పాణిని చెప్పిన ఇద్దరు కర్తలు ఇక్కడా ఉన్నారు.

కవులలో విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షం అవతారికలో తన రచనకు తండ్రి ఆజ్ఞ, జీవుని వేదన అన్న రెండు కారణాలను చెప్పి, అవి ఏకమైనాయన్నాడు. మొదటిది బాహ్యప్రేరణ, రెండవది అంతరమైనది. రెండింటినీ విడివిడిగా పేర్కొన్న తరువాతనే ఆయన వాటిని కలిపాడు.

ముగింపు

ప్రేరణలో కవి ప్రయోజ్యకర్త, ఆవేశంలో ఆధారం, స్ఫురణలో అనుభోక్త, పూనికలో స్వతంత్రకర్త. కాబట్టి ఒక అవతారికను వ్యాఖ్యానించే ముందు అందులోని క్రియ ఏదో, కవి ఏ కారకంలో ఉన్నాడో పరిశీలించడం అవసరం. 'స్ఫూర్తి' అన్న ఒక్క మాటతో ఇవన్నీ చెప్పబూనినప్పుడు నష్టపోయేది ముందుగా కవి శ్రమ. మొల్ల వంటివారి విషయంలో ఆ నష్టాన్ని సరిదిద్దడానికి కొత్త ఆధారాల కంటె ముందు, ఉన్న పద్యాల వాక్యనిర్మాణాన్ని శ్రద్ధగా చదవడం ఆవశ్యకం.