యోగశబ్దముల పూర్వకథ

2025వ సంవత్సరము జూన్ 21వ తేదీని విశాఖపట్టణమున రామకృష్ణా బీచి మొదలు భోగాపురము వఱకు సముద్రతీరమార్గమున 3 లక్షలకు పైగా జనులు కూడి యోగాభ్యాసము చేసిరి. ఆ దినమును ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో నిర్ణయించెను. 2015లో మొదలైన యుత్సవములలో నిది పదునొకండవది. నాడు మైకులలో వినవచ్చిన మాటలు పల్లెలకును ప్రాకినవి. అవి మన మెఱిగిన మాటలే. అయినను వాడుకలో నర్థములు మాఱినందున వృద్ధులు కొందఱు జంకుచున్నారు. "సమాధి చచ్చినపిమ్మటి మాట గదా, బ్రతికియుండగా నేల?" అని యొక రైతు నన్నడిగెను.

సమాధి యనగా మనస్సును చెదరనీయక యొకచోట నిలుపుట. సన్న్యాసులను దహింపక కూర్చుండబెట్టి భూస్థాపితము చేయుట యాచారము. వారు సమాధి నొందిరనుట మర్యాద. ఆ మర్యాదమాట క్రమముగా కట్టడమునకే పేరైనది. అంతియే కాని యందు భయపడవలసిన దేమియు లేదు.

యోగమన్నచో మనకు జాతకములోని యదృష్టము తోచును. ధాతుపాఠమున "యుజ్" ధాతువులు మూడు గలవు. ఒకదానికి కలుపుట యర్థము. ఎడ్లమెడపై కాడికి సంస్కృతమున "యుగ"మను పేరు దానినుండియే వచ్చినది. రెండవదానికి సమాధి యర్థము. పతంజలిసూత్రములకు భాష్యము వ్రాసిన వ్యాసుడు రెండవదానినే గ్రహించెను.

ఆసనమనగా కూర్చుండుట. పతంజలి దీనికి మూడుసూత్రములే కేటాయించెను. కదలక, సుఖముగా కూర్చుండిన చాలునని యాయన మతము. పదునైదవ శతాబ్ది ప్రాంతపు హఠయోగప్రదీపికయం దాసనములు పదునైదు. నేడు వందలు! సూర్యనమస్కారము లా గ్రంథమున లేవు. అరుణమంత్రములతో చేయు నమస్కారములు మన యరసవల్లిలో నెఱిగినవే కాని, వ్యాయామముగా వానిని 1920లలో దేశమున వ్యాపింపజేసినవాడు మహారాష్ట్రమందలి ఔంధు సంస్థానాధీశుడు.

ప్రత్యాహారమను మాట వ్యాకరణము చదివినవారికి చుట్టము. పెక్కువర్ణములను సంగ్రహించి పాణిని పెట్టిన అచ్, హల్ అను ప్రత్యాహారములే మన అచ్చులు, హల్లులు. యోగమున నది యింద్రియములను విషయములనుండి వెనుకకు మరలించుట.

పూరకము గాలిని నింపుట, రేచకము విడుచుట, కుంభకము నీటికుండవలె నిండి నిలుచుట. రక్తపుపోటు, గుండెజబ్బు గలవారు కుంభకము జోలికి పోరాదు. మెల్లగా పీల్చి మెల్లగా విడుచుట వారికి చాలును.

ఇక ధ్యానము. పైని చెప్పిన తీరమార్గముననే తొట్లకొండ యున్నది. ఱాతిని తొలిచిన నీటితొట్లవలన దానికా పేరు. 1988 మొదలు 1993 వఱకు జరిగిన త్రవ్వకములలో నచట స్తూపము, చైత్యములు, భిక్షువుల చిన్నగదులు, రోమకుల వెండినాణెములు సయితము బయల్పడినవి. రెండువేలయేండ్ల క్రిందట నా గదులలో కూర్చుండిన భిక్షువులు ధ్యానమును పాలీభాషలో "ఝాన" మనిరి. బౌద్ధముతో నా మాట చీనాకు పోయి "చాన్" అయినది. అచటినుండి జపానుకేగి "జెన్" అయినది.