రోగి పక్షాన నిలిచిన లెక్క

వైద్యశాలలు తమ లెక్కలను ప్రభుత్వానికి సమర్పించవలసి రావడం ఈ కాలం తెచ్చిపెట్టిన బాదరబందీ అని పలువురి అభిప్రాయం. కాని ఈ ఆచారం బాగ్దాదు బీమారిస్తానుల నాటికే ఉంది. నోరు విప్పి అడుగలేని రోగి హక్కును కాపాడడానికి అది ఎలా ఉపకరించిందో ఒక ఉదంతం తెలుపుతుంది.

ఖలీఫా ముఖ్తదిర్ కాలంలో (908-932) బాగ్దాదు వైద్యశాలల పర్యవేక్షణ సినాన్ బిన్ సాబిత్ అనే వైద్యుని చేతిలో ఉండేది. వాటిలో బద్ర్ నెలకొల్పిన వైద్యశాల, ఖలీఫా ముతవక్కిల్ తల్లి చేసిన వక్ఫ్ రాబడిపై నడిచేది. ఆ రాబడిలో కొంత బనూ హాషిమ్ వారికి, కొంత వైద్యశాలకు చెందాలి. వక్ఫ్ నిర్వాహకుడు మొదటివారికి సకాలంలో చెల్లిస్తూ, వైద్యశాల సొమ్మును నెలల తరబడి ఆపివేశాడు. అది చలికాలం. బొగ్గులు, ఆహారం, దుప్పట్లు లేక రోగులు అవస్థపడుతున్నారని సినాన్ వజీరు అలీ బిన్ ఈసాకు వ్రాసి పంపాడు.

వజీరు ఆ లేఖ వెనుకనే నిర్వాహకుని మందలిస్తూ ఆజ్ఞ వ్రాశాడు. ఆశ్రయించినవారు బలహీనులు గనుక వైద్యశాల వాటాయే ముందు చెల్లాలి. జాప్యానికి కారణం తెలియజేయాలి. దుప్పట్లు, బొగ్గులు వెంటనే అందాలి. ఇదీ దాని సారాంశం. ఇబ్న్ అబీ ఉసైబిఅ (మ. 1270) తన వైద్యుల చరిత్రలో దీనిని భద్రపరిచాడు.

1184లో దమస్కసు వైద్యశాలను చూసిన యాత్రికుడు ఇబ్న్ జుబైర్, రోగుల పేర్లు, వారి మందులకూ ఆహారానికీ అయ్యే ఖర్చు వ్రాసి ఉంచే దస్తరాలను ప్రస్తావించాడు. పేరు దస్తరంలోకి ఎక్కిన రోగికి రావలసినది రాకపోతే అది లెక్కలో బయటపడుతుంది.

మరణాసన్నులను ఆదరించే నేటి హాస్పిస్‌లదీ ఇదే సమస్య. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తరువాత, పలు లైసెన్సుల చిక్కుల వల్ల బాధానివారిణి అయిన మార్ఫిన్ అనేక రోగులకు అందకుండా పోయింది. 2014 సవరణ ఆ చిక్కులను తగ్గించింది. గుర్తింపు పొందిన వైద్యసంస్థ మార్ఫిన్ లెక్క వ్రాసి ఉంచి, ఏటా నివేదిక పంపాలన్న బాధ్యత మాత్రం నిలిచింది. లెక్క లేకపోతే మందు దారి తప్పుతుంది. లెక్కల పేరిట మందే ఆగిపోతే రోగి అన్యాయమైపోతాడు. అలీ బిన్ ఈసా కారణం అడిగాడు, కాని జవాబు వచ్చేవరకు దుప్పట్లను ఆపలేదు.