గోనెసంచి నాది సారూ

రాత్రి రెండున్నర. మోటరు వేసి వస్తూ రైతు గట్టు మీద టార్చి తిప్పాడు. వరిమడిలో రెండు నిప్పుకణికలు. పిల్లి అనుకున్నాడు. కణికల మధ్య ఎడం చూశాక చెప్పులు అక్కడే వదిలేసి ఉరికాడు.

కృష్ణలో నీళ్లు తగ్గితే మొసళ్లు కాలువలు, చెరువులు పట్టుకుని పొలాల్లో తేలతాయి. జూరాల జలాశయం చుట్టూ, వనపర్తి పల్లెల్లో ఇలాంటి రాత్రులు కొత్త కాదు. వాటిలో కొన్నింటిని ఒక రాత్రిగా కలిపి రాస్తున్నాను. పేర్లు అనవసరం.

అటవీశాఖకు, పాములను, మొసళ్లను పట్టే వనపర్తి సాగర్ స్నేక్ సొసైటీకి ఫోన్లు వెళ్లాయి. వాళ్లు వచ్చేలోగా ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో చదివే రైతు కొడుకు వీడియో కాల్‌లోకి వచ్చాడు.

"నాయినా, ఈడ సొరచేపలను తరిమే కరెంటు మిషన్ ఉన్నది. సర్ఫింగ్ బోర్డుకు కడతరు. కొన్నోళ్లకు సర్కారు 200 డాలర్లు వాపసిచ్చింది."

అబద్ధం కాదు. సొరచేప ముక్కు చుట్టూ విద్యుత్తును పసిగట్టే సన్నని గుంతలుంటాయి. మిషన్ వదిలే తరంగాలు అక్కడ చురుక్కుమనిపిస్తాయి. 2018లో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు అయిదు పరికరాలు పరీక్షిస్తే, ఒక్కటి మాత్రం గట్టిగా పనిచేసింది: సొరచేపలు ఎరను అందుకోవడం 96 శాతం నుంచి 40కి పడింది. ఆ నలభై సంగతి అమ్మేవాళ్లు ఎంత గట్టిగా చెబుతారో మరి!

మొసలికి ఆ గుంతలే లేవు. దాని దవడల నిండా ఆవగింజల్లాంటి బుడిపెలు. చీకట్లో నీటి మీద చిన్న అల కదిలినా వాటికి తెలిసిపోతుంది.

"కరెంటే గదా, స్టార్టర్ కాడికెళ్లి వైరు గుంజుదామా?" అన్నాడొక కుర్రాడు.

"పందులకు పెట్టిన వైర్లకు మనుషులు పోయింది సాలదారా?" అని కసిరిందో ముసలమ్మ. ఆ రాత్రి విన్న మాటల్లో తెలివైనది అదే.

జీపు వచ్చింది. పట్టేవాళ్లు అడిగింది తాడు, తడిపిన గోనెసంచి. రైతు ఎద్దుల కొట్టంలోంచి సంచి తెచ్చాడు. అది మొసలి కళ్ల మీద పడగానే తోక కొట్టడం ఆగింది. దవడ మూసే కండరాలకు ఎముకలు విరిచే బలం ఉంటుంది, తెరిచేవి మాత్రం బలహీనం. మూతికి రెండు చుట్లు తాడు చాలు. ఆ రెండు చుట్లు వేసే దాకానే గుండె గొంతులో ఉంటుంది.

తెల్లారేసరికి జూరాల ఒడ్డు. దూరంగా పుట్టిలో వల తీస్తున్న మనిషి ఒకసారి ఇటు చూసి, పుట్టిని కాస్త అవతలికి తిప్పుకున్నాడు. తాడు విప్పారు. సంచి లాగారు. మొసలి క్షణం కదల్లేదు. తర్వాత బురద మీద జారి నీళ్లలో కలిసిపోయింది.

సెల్ఫీలు అయ్యాక జీపు స్టార్ట్ చేశారు. రైతు వెనక పరుగెత్తాడు.

"సారూ, గోనెసంచి నాది. ఇచ్చి పోండ్రి."