చిన్న కమతాలకు ప్రకృతి సేద్యం ఊతం

దేశంలోని సాగు కమతాల్లో నూటికి 86కు పైగా రెండు హెక్టార్ల లోపువేనని 2015–16 వ్యవసాయ గణన తెలియజేస్తోంది. ఇంటిల్లిపాదీ శ్రమించే ఇటువంటి సేద్యంలో ఒక్క పంట దెబ్బతిన్నా ఆ ఏటి పెట్టుబడి అప్పుగా మిగిలిపోతుంది. కొనుగోలు ఎరువులు, పురుగుమందుల వ్యయాన్ని తగ్గించి, నేల సత్తువను పెంచే ప్రకృతి సేద్యం ఈ కుటుంబాలకు ఒక మార్గంగా నిలుస్తోంది.

ఆంధ్రప్రదేశ్ అనుభవం

రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016లో ఈ కార్యక్రమాన్ని ప్రారంభించింది. బీజామృతంతో విత్తన శుద్ధి, నేలకు జీవామృతం, ఆకులు అలములతో ఆచ్ఛాదన, మట్టిలో గాలి, తేమల సమతుల్యత దీనికి మూలసూత్రాలు. ఎకరానికి సరిపడే జీవామృతం తయారీకి 200 లీటర్ల నీరు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుధాన్యాల పిండి, గుప్పెడు పొలం గట్టు మట్టి వాడతారు. నీడలో రెండు రోజులు పులిసిన ఈ ద్రావణం నేలలోని సూక్ష్మజీవుల వృద్ధికి తోడ్పడుతుంది.

వేరుసెనగపైనే ఎక్కువగా ఆధారపడిన అనంతపురం వంటి కరవు సీమలో తొలకరికి ముందే నవధాన్యాలు విత్తే పద్ధతికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. బంకమట్టి, బూడిద వంటివి పట్టించిన విత్తనాలను పొడి నేలలో చల్లుతారు. కొద్దిపాటి తడి తగలగానే అవి మొలకెత్తి, ఎండకు నేల బీటలు వారకుండా కాపాడతాయి. పైరులో కొంత పశువుల మేతకు, కొంత ఇంటి అవసరాలకు పోగా, మిగిలినది నేలకు కప్పుగా ఉపయోగపడుతుంది. ఒక పంట తప్పినా మరొకటి చేతికి అందడమే బహుళ పంటల బలం.

ఈ విధానాన్ని ఆచరిస్తున్న రైతులే తోటి రైతులకు శిక్షణ ఇస్తారు. మహిళా స్వయం సహాయక సంఘాలు ఇందులో కీలక పాత్ర వహిస్తున్నాయి. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం సంయుక్తంగా లభించింది.

పరిమితులు, హెచ్చరికలు

పెట్టుబడి తగ్గినా శ్రమ పెరుగుతుంది. పశువులు లేని కుటుంబాలకు పేడ, మూత్రం సేకరించుకోవడం కష్టం. ప్రత్యేక మార్కెట్ లేనిచోట ఈ పంటకూ సాధారణ ధరే దక్కుతుంది. ఈ విధానపు దిగుబడులకు తగిన శాస్త్రీయ ఆధారాలు లేవని జాతీయ వ్యవసాయ విజ్ఞాన శాస్త్రాల అకాడమీ 2019లో అభ్యంతరం వ్యక్తం చేసింది.

మార్పు ఏ వేగంతో జరగాలనేదీ ముఖ్యమే. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించగా వరి దిగుబడి పడిపోయింది. రైతుల ఆందోళనల నడుమ అదే ఏడాది నవంబరులో నిషేధాన్ని సడలించవలసి వచ్చింది. నేల కోలుకునేందుకు వ్యవధి, రైతుకు శిక్షణ లేకుండా మార్పు నిలవదని ఈ ఉదంతం స్పష్టం చేస్తోంది.

జాతీయ కార్యక్రమం

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌ను ఆమోదించింది. కోటి మంది రైతులకు, 7.5 లక్షల హెక్టార్లకు ఈ సాగును విస్తరింపజేయడం దీని లక్ష్యం. తొలి ఏళ్లలో దిగుబడి తగ్గితే ఆ భారాన్ని చిన్న రైతు ఒక్కడే మోయకుండా చూడటంపైనే దీని సాఫల్యం ఆధారపడి ఉంటుంది.